జబ్బు చేపలకే గిరాకీ

మా అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉండే ఆయన్ని అందరం పళ్ళాయన అంటాం. కట్టుడు పళ్ళు నోట్లో పెట్టేది డాక్టర్లే అయినా, వాటిని తయారుచేసేది ఇలాంటి వాళ్ళు. ఇంటి వెనక గదిలో చిన్న ల్యాబు. డాక్టరు పంపిన అచ్చులో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు ఒక్కొక్కటే పేర్చి, గులాబీ రంగు ప్లాస్టిక్కులో పోతపోసి, పాలిష్ పట్టి డబ్బాలో పెట్టి పంపిస్తాడు. ఒక పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా వచ్చిందని అనుమానం వస్తే చాలు, ఎవరో ముక్కూమొహం తెలియని ముసలావిడ నమల్లేక అవస్థ పడుతోందేమోనని ఈయన కంచం ముందు కూర్చుని నమలడం మానేస్తాడు. అంత మెత్తటి మనిషి.

ఆయన భార్య నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో కెమిస్టు. ఊరంతా తాగే నీళ్ళని గాజు గొట్టాల్లో పోసి, మందు చుక్కలు వేసి, రంగు చూసి, బాగున్నాయనో బాగాలేవనో రాసి సంతకం పెట్టడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తోంది కాబట్టి ఇంట్లో కూడా ఆవిడ నోట అవే రెండు మాటలు వస్తాయి. ఒక్కగానొక్క కూతురు పదో తరగతి.

పళ్ళాయన సెట్లు ఇచ్చే పళ్ళ డాక్టరు ఒక పాత కాంప్లెక్సులో పై అంతస్తులో ఉంటాడు. ఆ మెట్ల కిందే రంగు చేపల షాపు. ఏళ్ళ తరబడి ఆ షాపు ముందునుంచే ఎక్కి దిగుతున్నా, ఎప్పుడూ అటు చూసింది లేదు. ఒక మంగళవారం సెట్టు ఇచ్చేసి దిగుతుంటే చెప్పు తెగింది. వంగి దాన్ని సరిచేసుకుంటూ తలెత్తేసరికి, గుమ్మం పక్క అరలో వరసగా పేర్చిన ప్లాస్టిక్ కప్పులు సరిగ్గా కళ్ళెదురుగా ఉన్నాయి. ఒక్కో కప్పులో, కలిపి ఉంచితే కొట్టుకు చచ్చే ఫైటర్ చేప ఒక్కొక్కటి. కింది వరసలో ఒక నీలం రంగుది పక్కకి ఒరిగి పడి ఉంది. నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి. తోక చివర చీకిపోయిన గుడ్డలా వేలాడుతోంది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

"ఏవండీ, ఇది చచ్చిపోయేలా ఉంది" అన్నాడు పళ్ళాయన లోపలికి వెళ్ళి.

"ఏది సార్?" షాపాయన ఫోను లోంచి తలెత్తలేదు.

"ఆ నీలంది. నీళ్ళు మార్చి ఎన్నాళ్ళయింది?"

"మొన్ననే సార్."

"మొన్నంటే?"

షాపాయన నీళ్ళు నమిలాడు. ఆ కప్పులోవి కాదు లెండి, అవి నమిలే రకం కావు.

"వంద కప్పులు సార్. నాకున్నవి రెండు చేతులు. అంత జాలిగా ఉంటే మీరే తీసుకెళ్ళి సాక్కోండి, వద్దన్నానా?"

పళ్ళాయన కొన్నాడు. కప్పుని రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా ఇంటిదాకా నడిచే వచ్చాడు.

భార్య సాయంత్రం వచ్చి, బ్యాగ్ దింపకుండానే కప్పు మూత తీసి వాసన చూసింది. బ్యాగులోంచి ఒక గొట్టం తీసి కాసిన్ని నీళ్ళు పోసి చుక్కలు వేసింది. గొట్టం చిక్కటి ఆకుపచ్చకి తిరిగింది.

"అమ్మోనియా. ఈ నీళ్ళు మా ల్యాబుకొస్తే సరఫరా ఆపించి వీధివీధికీ మైకు పెట్టిస్తాను" అంది.

"బతుకుతుందా?"

"శుభ్రమైన నీళ్ళలో ఉంచితే బతకొచ్చు. డబ్బిచ్చి తెచ్చారా, ఊరికే ఇచ్చాడా?"

"డబ్బిచ్చే."

"అయితే ఆ షాపాయన్ని కూడా కాపాడారు. అది చస్తే అతనికి నష్టం. మీరు కొన్నారు కాబట్టి లాభం. రేపు అదే కప్పులో ఇంకోటి వేస్తాడు, అవే నీళ్ళు పోస్తాడు."

"అలాగని కళ్ళముందు చావనివ్వమంటావా?"

ఆ మాటకి ఆవిడ గొట్టాల్లో రంగు లేదు. వెళ్ళి కాళ్ళు కడుక్కుంది.

చేప బతికింది. ప్లాస్టరు కలిపే పెద్ద గాజు గిన్నెలో మూడు రోజులు అడుగున పడుకుని, నాలుగో రోజు పైకి లేచి, గట్టు మీద ఆరబెట్టిన కట్టుడు పళ్ళ సెట్టుని చూసి మొప్పలు విప్పి పోట్లాటకి దిగింది. పళ్ళాయన ఆనందం అంతా ఇంతా కాదు. మర్నాడే షాపుకి వెళ్ళి చూశాడు. అదే అర, అదే కప్పు. అందులో ఎర్రటిది ఇంకోటి. భార్య అన్న మాట గుర్తొచ్చింది. చేప కూడా ఈయనవైపే చూసింది. కొన్నాడు.

నెల తిరక్కుండా వెనక గదిలో పదకొండు గిన్నెలు వెలిశాయి. పళ్ళకి చోటు చాలక, ఎవరివో రెండు పై వరసలు డైనింగ్ టేబుల్ మీదకొచ్చాయి.

ఇంతవరకూ ఇది ఒక ఇంటి సంగతి. కూతురు ఆ నీలం చేప పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి, 'మా నాన్న ఒక ప్రాణం నిలబెట్టాడు' అని అపార్టుమెంటు ఫోన్ గ్రూపులో పెట్టడంతో వీధిన పడింది. అప్పటిదాకా ఆ గ్రూపులో పార్కింగు తగాదాలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఒక్క రోజులో నూట నలభై దండాలొచ్చాయి. ఐదో అంతస్తులో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు ఆ ఆదివారమే టెర్రస్ మీద మీటింగు పెట్టాడు. మత్స్య విమోచన సంఘం పుట్టింది. ఆయనే అధ్యక్షుడు. చేపని పట్టుకొచ్చింది పళ్ళాయన కాబట్టి గౌరవ సలహాదారు. నేనూ సభ్యుణ్ణే. నా చేప రెండో రోజే పోయింది గనక నా గురించి ఎక్కువ చెప్పుకోను.

సంఘానికి నియమాలు ఏర్పడ్డాయి. చేపని 'కొన్నాను' అనకూడదు, 'విడిపించాను' అనాలి. విడిపించిన వాళ్ళు ఫొటో పెట్టాలి. మొదట్లో అందరూ దొరికినవాటిని దొరికినట్టు తెచ్చేవారు. తర్వాత్తర్వాత పోటీ పెరిగింది. ఒకరు తెల్ల మచ్చలది తెస్తే, ఇంకొకరు వెన్ను వంగినది తెచ్చేవారు. కింది అంతస్తులో బ్యూటీ పార్లర్ నడిపే మేడమ్ ఒంటికన్ను గోల్డ్ ఫిష్‌ని విడిపించి ఫొటో పెట్టిన రోజు మిగతా వాళ్ళ మొహాలు వాడిపోయాయి. ఆవిడ వారం పాటు లిఫ్టులో ఎవరితోనూ మాట్లాడకుండా నవ్వింది.

పాపం, బ్యాంకులో పనిచేసే ఒకతను తెలియక చలాకీగా ఈదుతున్న నాలుగు గప్పీ చేపలు తెచ్చి ఫొటో పెట్టాడు.

"వీటికేం జబ్బు?" అని హెడ్మాస్టారు అడిగాడు.

"ఏమీ లేదండీ, పిల్లలకి బాగుంటాయని..."

"అంటే సరదాకి జీవుల్ని కొన్నారన్నమాట. చదువుకున్నవాళ్ళు, మీలాంటి వాళ్ళే ఇలా చేస్తే ఎలా?"

అతను తలొంచుకుని క్షమాపణ రాశాడు. రెండు రోజుల తర్వాత ఎక్కణ్ణుంచో పొట్ట ఉబ్బినదాన్ని తెచ్చి పరువు నిలబెట్టుకున్నాడు.

షాపాయన చదువుకున్నవాడు కాకపోయినా మొద్దు కాదు. ఇన్నేళ్ళుగా తను ఎవరికీ కనపడకుండా వెనక్కి నెట్టేస్తున్న సరుకే ముందు అమ్ముడుపోతోందని పదిహేను రోజుల్లో కనిపెట్టాడు. మొదట జబ్బు చేపల కప్పుల్ని కంటి ఎత్తుకి జరిపాడు. తర్వాత వాటి మీద ఎర్ర అక్షరాలతో 'అత్యవసరం' అని బోర్డు తగిలించాడు. ఆ తర్వాత వాటి ధర పెంచాడు. ఎవరైనా బేరమాడితే నొచ్చుకునేవాడు.

"ప్రాణం దగ్గర బేరం ఏంటి సార్?"

అద్దాల తొట్టెల్లో ఆరోగ్యంగా ఉన్న చేపలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటి ముందు ఆగేవాడే లేడు. ఒక గురువారం పళ్ళాయన వెళ్ళేసరికి వెనక తొట్టెల్లో గాలి బుడగలు రావడం లేదు.

"మోటారు పాడైందా?"

"తీసేశాను సార్. వాటికి గాలి పెట్టి కూర్చుంటే ఎప్పటికి అమ్ముడుపోతాయి?" అన్నాడు షాపాయన. ఆ మాటలో దాపరికం లేదు, వెటకారమూ లేదు. వంకాయలు ఎండలో పెడితే వాడతాయన్నంత మామూలుగా అన్నాడు. "ఇదిగో, ఈ ముత్యం రంగుది మీ కోసమే పక్కన పెట్టాను. పార్లర్ మేడమ్ అడిగినా ఇవ్వలేదు. సాయంత్రం దాకా ఉంటుందో లేదో, చూసుకోండి."

పళ్ళాయన చూస్తుండగానే అతనికి ఫోనొచ్చింది. చేపలు పంపే పెద్ద వ్యాపారి కాబోలు. "బలంగా ఉన్నవి వద్దన్నాగా అన్నా! దారిలో నలిగినవి ఉంటాయి చూడు, అవి పంపు. నీళ్ళు తక్కువ పోసి పంపినా పర్లేదు" అని చెప్పి పెట్టేసి, "ముత్యం ప్యాక్ చేయనా సార్?" అన్నాడు.

పళ్ళాయన అంతా విన్నాడు. అయినా ముత్యం రంగుదాన్ని తీసుకునే వచ్చాడు. అది చేసిన తప్పేముంది?

ఆ ఆదివారం టెర్రస్ మీద ఆయన విన్నదంతా చెప్పాడు. "మనమే దీనికి మూలం. మనం కొంటున్నాం కాబట్టే అతను చేపల్ని పాడుచేస్తున్నాడు. ఆపేద్దాం" అన్నాడు.

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఆపేస్తే ఇప్పుడు కప్పుల్లో ఉన్నవాటి గతేంటి?" అంది పార్లర్ మేడమ్. "ఏం మాట్లాడుతున్నారండీ? మీకసలు మనసుందా?"

హెడ్మాస్టారు రెండు చేతులూ ఎత్తి శాంతపరిచాడు. ఆయన తీర్మానం ఇలా సాగింది. రెండు వైపులా న్యాయం ఉంది. కాబట్టి, షాపులో ఉన్న జబ్బు చేపలన్నిటినీ ఒక్కసారి, చివరిసారిగా, మూకుమ్మడిగా విడిపించేద్దాం. ఆ మర్నాటినుంచి షాపు మొహం చూడొద్దు. చప్పట్లు మోగాయి. పళ్ళాయన కూడా కొట్టాడు. తర్వాత నాతో అన్నాడు, కొడుతుండగానే చేతులు తప్పు చేస్తున్నట్టు అనిపించిందని.

తొంభై మూడు చేపలు ఒకే రోజు మా లిఫ్టెక్కాయి. షాపాయన స్వయంగా ఆటోలో దింపి, గేటు దగ్గర చేతులు జోడించి, "మీ మేలు మర్చిపోను" అన్నాడు. మేం తిట్టాల్సిన మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి ఎవరికీ నోరు రాలేదు. మర్చిపోను అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. నెలలోపే బస్టాండు వైపు రెండో షాపు తెరిచి, మొదటి ఆహ్వానం హెడ్మాస్టారికే పంపాడు. ఆ షాపులో ఆరోగ్యంగా ఉన్న చేప ఒక్కటి కూడా లేదు. అంతా 'అత్యవసరమే'. సంఘం అత్యవసరంగా సమావేశమై, ఇంకొక్కసారి, ఇదే చివరిసారి అని తీర్మానించింది.

ఆ రాత్రి పళ్ళాయన భార్యతో ఆ సంగతి చెప్పాడు. ఆవిడ గిన్నెల్లో నీళ్ళు మారుస్తోంది. అప్పటికి ఇంట్లో ముప్ఫై ఆరు గిన్నెలు. ఉద్యోగం నుంచి వచ్చి, ఉద్యోగంలో చేసే పనే రాత్రి పది దాకా చేస్తోంది.

"మీరేం చేస్తారు?" అంది.

"కొననంటాను."

"అనడం కాదు. చూసి కూడా కొనకుండా రాగలరా?"

మర్నాడు సెట్టు ఇవ్వడానికి వెళ్ళాడు. దిగేటప్పుడు కావాలనే షాపు ముందు ఆగాడు. కంటి ఎత్తున కప్పులో ఒక ఎర్ర ఫైటర్ ఉంది. నీటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది, మూస్తోంది, జారిపోతోంది. కాసేపటికి మళ్ళీ పైకి వస్తోంది. పళ్ళాయన చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"తీసుకోండి సార్" అన్నాడు షాపాయన.

"తీసుకోను."

"అదేంటి సార్, మీరే ఇలా అంటే?"

"నీళ్ళు మార్చు. పక్కనే కుళాయి ఉంది. రెండు నిమిషాల పని."

"మారిస్తే బాగుపడుతుంది సార్. బాగుపడితే మీరు కొంటారా?"

పళ్ళాయన కప్పు మీంచి కళ్ళు తీయలేదు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. పై నుంచి డాక్టరుగారి పేషెంట్లు దిగి వెళ్తున్నారు. ఎర్ర చేప చివరిసారి పైకి రావడం, రాలేక మధ్యలోనే ఆగిపోవడం ఆయన చూశాడు. షాపాయన కప్పు తీసి వేలితో కొట్టి చూసి, నిట్టూర్చాడు.

"కొనుంటే బతికేది సార్. చేజేతులా చంపుకున్నారు" అన్నాడు. అతని మొహంలో నిజంగానే బాధ ఉందిట.

పళ్ళాయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. సంఘానికి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. చెప్పకపోయినా బాగుండేది. కళ్ళముందు ప్రాణం పోతుంటే జేబులో చేతులు పెట్టుకు నిలబడ్డ మనిషి గౌరవ సలహాదారుగా ఉండటం సంఘానికే అవమానమని హెడ్మాస్టారు గ్రూపులో రాశాడు. పద్దెనిమిది మంది దండాలు పెట్టారు. అందులో నాదొకటి. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, అందరూ పెడుతున్నారు. మర్నాడు మెట్ల మీద ఎదురుపడితే ఆయన మామూలుగానే పలకరించాడు, నేనే చెప్పుల వైపు చూసుకున్నాను. పార్లర్ మేడమ్ పళ్ళాయన కూతురితో మాట్లాడటం మానేసింది.

చివరిసారి విమోచనలు ఇంకో రెండు జరిగాయి. మూడోది జరగాల్సిన ఆదివారం, పార్లర్ మేడమ్ ఎదురు వీధిలో కొత్తగా తెరిచిన కుందేళ్ళ షాపులో చెవి తెగిన పిల్లని చూసి ఫొటో పెట్టింది. చేపకి వెంట్రుకలుండవు, ఒళ్ళో పెట్టుకోవడం కుదరదు, బాధపడుతున్నా కళ్ళార్పదు. కుందేలుకి ఈ ఇబ్బందులేవీ లేవు. ఆ సాయంత్రానికే గ్రూపు పేరు మారిపోయింది. చేపల సంగతి ఇంకెవరూ ఎత్తలేదు. విడిపించినవాటన్నిట్లో మిగిలిన పదిహేడుని గిన్నెలతో సహా తెచ్చి, పళ్ళాయన గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయారు.

షాపాయన మాత్రం మునిగిపోయాడు. జబ్బు చేపలు తెప్పించుకుని కూర్చున్నాడు, కొనే నాథుడు లేడు. ఎక్కడివక్కడ చస్తున్నాయి. బస్టాండు షాపు మూసేశాడు. 'అత్యవసరం' బోర్డు పీకేశాడు. గాలి మోటారు మళ్ళీ పెట్టాడు. ఎవరూ రాని షాపులో పొద్దస్తమానం ఏం చేస్తాడు, నీళ్ళు మారుస్తూ కూర్చున్నాడు. మూడు నెలల తర్వాత పళ్ళాయన మెట్లు దిగుతూ లోపలికి తొంగి చూస్తే, తొట్టెలు అద్దంలా మెరుస్తున్నాయి. కప్పులే లేవు. ఒక్కో ఫైటర్‌కి ఒక్కో చిన్న తొట్టె, అందులో పచ్చటి మొక్క.

"బాగున్నాయే!" అన్నాడు పళ్ళాయన నమ్మలేక.

"బాగుండక చస్తాయా సార్. ఎవరూ కొనట్లేదు, బతికించుకోవాలిగా" అన్నాడు షాపాయన విసుగ్గా. తొట్టె అద్దం తుడుస్తూ, "బాగా చూసుకుంటే మీరు కొనరు, చూసుకోకపోతే కొంటారు. నన్నేం చేయమంటారో మీరే చెప్పండి" అన్నాడు.

పళ్ళాయన తొట్టెలన్నీ ఒకసారి కలయజూశాడు. ఒక పసుప్పచ్చ ఫైటర్‌ని చూపించి, ప్యాక్ చేయమన్నాడు. జబ్బులేని చేపని కొనడం ఆయన జీవితంలో అదే మొదలు. షాపాయనకి నమ్మకం కుదరక, "ఇది బాగానే ఉంది సార్, చూసుకునే తీసుకుంటున్నారా?" అని రెండుసార్లు అడిగాడు.

ఇంటికి తేగానే భార్య గుమ్మంలోనే ఆపేసింది.

"ఎక్కడ వేస్తారు దీన్ని? ఇంట్లో యాభై ఉన్నాయి, అందులో సగం మచ్చలవీ, తోక కుళ్ళినవీ. ఒక గిన్నెలో ముంచిన చెయ్యే ఇంకో గిన్నెలో పెడుతున్నాం. వారంలో దీనికీ అంటుకుంటుంది."

"విడిగా ఉంచుదాం."

"ఎక్కడ? బాత్రూములో కూడా రెండున్నాయి."

పళ్ళాయన ఇల్లంతా తిరిగి చూశాడు. కిటికీ గట్టు, ఫ్రిజ్ పైభాగం, కూతురి పుస్తకాల అర, ఎక్కడ చూసినా రోగులే. చేప సంచీని అలాగే పట్టుకుని వెనక్కి షాపుకి నడిచాడు.

"దీన్ని ఇక్కడే ఉంచుకో. డబ్బు వద్దు" అన్నాడు.

"ఏమైంది సార్?"

"మా ఇంట్లో నీళ్ళు బాగాలేవు."

షాపాయన సంచీ అందుకుని వెలుగులో పెట్టి అటూఇటూ తిప్పి చూశాడు. చేప మీద ఏమీ లేదని తేల్చుకున్నాక గానీ తొట్టెలో వదల్లేదు. వదిలాక ఈయన వైపు తిరిగి, కాస్త మందలింపుగానే, "అన్నేసి చేపల్ని ఒకే ఇంట్లో ఇరికిస్తే ఎలా సార్? పాపం కదా" అన్నాడు.

పళ్ళాయనకి మొదట కోపం వచ్చింది. తర్వాత అక్కడే స్టూలు మీద కూర్చుని, తోక కుళ్ళకుండా నీళ్ళు ఎన్ని రోజులకోసారి మార్చాలో, తొట్టెకి మొక్క ఏది మంచిదో అడిగాడు. షాపాయన ఓపిగ్గా చెప్పాడు. ఈయన జేబులోంచి డాక్టరుగారి చీటీ తీసి దాని వెనకవైపు రాసుకున్నాడు.